నెపోలియన్‌కి తెలియనిది మనకి తెలుసు

(బల్ల మీద ఆడే చారిత్రక యుద్ధ క్రీడల గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరుని చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినపడుతోంది కదా? సరే, ఉపోద్ఘాతం లేకుండా నేరుగా మొదలుపెట్టేస్తాను.

వాటర్లూ యుద్ధం ఎవరు గెలిచారో ఇక్కడున్న అందరికీ తెలుసు. 1815 జూన్ 18న నెపోలియన్ ఓడిపోయాడు, ఆయన కథ అక్కడితో సరి. ఇప్పుడు నేను ఆ యుద్ధభూమి మ్యాపుని బల్ల మీద పరిచి, దళాల పేర్లున్న అట్టముక్కలు పేర్చి, రెండు పాచికలు మీ చేతిలో పెట్టి "మీరు నెపోలియన్, నేను అవతలి బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్, కానివ్వండి" అన్నాననుకోండి. మీరు మొట్టమొదట ఏం చేస్తారో నేను చెప్పేస్తాను. మ్యాపుకి తూర్పు అంచున ఒక గట్టి దళాన్ని కాపలా పెడతారు. ఎందుకంటే సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో అటు నుంచి వెల్లింగ్టన్‌కి తోడుగా ప్రష్యన్ సైన్యం, అంటే ప్రష్యా అనే జర్మన్ రాజ్యం సైన్యం, వచ్చి ప్లాన్సెన్వా ఊరి మీద పడుతుందని మీరు పుస్తకంలో చదివేశారు. ఆ రోజు పొద్దున్న నెపోలియన్ ఆ పుస్తకం చదవలేదు పాపం. (నవ్వులు)

ఆయనకి తెలిసిందేమిటంటే, రెండు రోజుల క్రితం లిన్యీ దగ్గర ప్రష్యన్లని చితక్కొట్టాడు, వాళ్ళ వెనక గ్రూషీ అనే మార్షల్‌ని దాదాపు 33,000 మందితో తరమడానికి పంపాడు, కాబట్టి ఇప్పట్లో వాళ్ళు మళ్ళీ లేచి రారు. ఆ క్షణంలో అది మూర్ఖత్వమేమీ కాదు, అప్పటికి చేతిలో ఉన్న సమాచారంతో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ కుర్చీలో మీరు కూర్చోగానే ఆ నమ్మకం మాయమైపోతుంది, మీరెంత ప్రయత్నించినా దాన్ని తిరిగి తెచ్చుకోలేరు.

ఈ ఆటలకి ఉన్న అసలు చిక్కంతా ఇదే. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుంది, గుర్రపు దళం గంటకి ఎంత దూరం నడుస్తుంది, తుపాకులు ఎంత సేపటికోసారి పేలతాయి, ఇవన్నీ లెక్క కట్టొచ్చు, కట్టారు కూడా, ఆ లెక్కల మీద రాత్రంతా పోట్లాడుకునే మహానుభావులు ఉన్నారు. అదంతా తేలిక. ఆ సేనాపతికి తెలియని విషయాన్ని, అన్నీ తెలిసిన మనకి తెలియకుండా ఎలా చెయ్యాలి? రెండు వందల ఏళ్ళుగా ఈ ఆటలు తయారుచేసేవాళ్ళు కుస్తీ పడుతున్నది దీనితోనే అని నా అభిప్రాయం. మిగతావన్నీ దీని తర్వాతే.

ఈ ఆటలు ఎప్పుడూ చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మ్యాపూ కౌంటర్ల రకం. కాగితం మ్యాపు మీద తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు ఉంటాయి, వాటినే హెక్స్‌లు అంటాం. వాటి మీద వేలెడంత కూడా లేని అట్టముక్కలు, ఒక్కో ముక్క ఒక సైనిక దళం, రెజిమెంటో డివిజనో. రెండోది బొమ్మల రకం. 28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, చివరికి 6 మిల్లీమీటర్ల సైనికుల్ని కూర్చుని రంగులేసి, గుండీలతో సహా ఏ రెజిమెంటు కోటు ఏ రంగో వెతికి మరీ వేసి, టేపుతో కొలుచుకుంటూ జరుపుతారు. బొమ్మలవాళ్ళు మ్యాపులవాళ్ళని గుమాస్తాలంటారు, మ్యాపులవాళ్ళు బొమ్మలవాళ్ళని పెయింటర్లంటారు. నేను గుమాస్తాని.

చదరంగంతో పోల్చి చూస్తే విషయం తొందరగా అర్థమవుతుంది. అదీ యుద్ధం ఆటే, కాల్బలం, గుర్రాలు, ఏనుగులు, రథాలు అన్నీ ఉన్నాయి. కానీ చదరంగంలో రెండు వైపులా బలగం సమానం, బల్ల మీద ఉన్నదంతా ఇద్దరికీ కనబడుతుంది, బంటుని జరిపితే జరుగుతుంది, నేను రానని బంటు మొరాయించదు. యుద్ధంలో ఈ మూడూ ఉండవు. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే ఆయన చదరంగాన్ని పెంచి, వేల గళ్ళు పెట్టి, కొండలూ నదులూ కలిపి ఒక యుద్ధ క్రీడ తయారుచేశాడు. అది పెద్ద చదరంగమే అయింది తప్ప యుద్ధం కాలేదు.

మలుపు తిప్పింది ప్రష్యాకి చెందిన తండ్రీకొడుకులు, ఇంటిపేరు రైస్విట్జ్. తండ్రి 1812లో ఒక పెద్ద బల్ల చేయించి రాజుకి సమర్పించాడు. కొడుకు సైన్యంలో ఫిరంగి దళం అధికారి. ఆయన 1824లో తెచ్చిన రూల్స్‌నే క్రీగ్‌ష్పీల్ అంటారు. బల్ల బదులు 1:8000 స్కేలులో అసలు సిసలు సైనిక మ్యాపు వాడాడు. ఒక్కో వంతు రెండు నిమిషాల కాలానికి సమానం, అంటే ఆ రెండు నిమిషాల్లో దళం ఎంత నడవగలదో అంతే జరపాలి. తూటా తగలడం తగలకపోవడం పాచికల మీద, ఆ పట్టికలు కూడా నిజమైన కాల్పుల పరీక్షల లెక్కల నుంచి తీసుకున్నవి.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని వేరు. ఆటగాళ్ళ చేతిలోంచి ఆటని లాక్కుని మధ్యలో ఒక అంపైర్‌ని కూర్చోబెట్టాడు. మీరు దళాల్ని జరపరు, అంపైర్‌కి కాగితం మీద ఆజ్ఞ రాసిస్తారు. ఆ ఆజ్ఞ పట్టుకుని వార్తాహరుడు గుర్రం మీద వెళ్ళడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు అయ్యాకే అది అమలవుతుంది, ఈలోపు అక్కడ పరిస్థితి మారిపోతే మీ ఆజ్ఞకి అర్థమే ఉండదు. శత్రువు ముక్కలు మీ దళాలకి కనిపించే చోట ఉంటేనే మ్యాపు మీద పెడతారు, అడవి వెనక ఉంటే లేనట్టే. ఇద్దరు ఆటగాళ్ళనీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టడం కూడా జరిగేది. చూశారా, మొట్టమొదటి సీరియస్ యుద్ధ క్రీడలోనే తెలియకపోవడం అనేదాన్ని ప్రధాన పాత్ర చేసేశాడు. అప్పటి ప్రష్యన్ జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్ మొదట అనుమానంగా చూస్తూ కూర్చుని, ఆట సాగేకొద్దీ ఉత్సాహపడిపోయి, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అన్నాడని చెబుతారు. కానీ దాన్ని తయారుచేసిన కుర్రాడి గతి ఏమైంది? తోటి అధికారుల అసూయో, దూరప్రాంతానికి బదిలీ అయ్యాడన్న బాధో, మరింకేదో గానీ 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఆట ఎంత దూరం వెళ్ళిందో చూడలేదు. 1866లో ఆస్ట్రియా మీద, 1870లో ఫ్రాన్స్ మీద ప్రష్యా గెలిచాక మిగతా దేశాల సైన్యాలన్నీ ఇదేంటో చూద్దామని దీని మీద పడ్డాయి.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, పట్టికలు చూసీ చూసీ అంపైర్ ప్రాణం పోతుంది. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే జనరల్, పట్టికలు అక్కర్లేదు, అనుభవం ఉన్న అంపైర్ ఏది చెబితే అదే ఫలితం అన్నాడు. ఆట వేగంగా సాగింది. కానీ అప్పుడు అంపైర్‌కి తెలియనిది ఆటకీ తెలియదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో జపాన్ వాళ్ళ దగ్గర పనికొస్తుంది.

ఇదంతా సైన్యాల సంగతి. మనలాంటి మామూలు జనం దగ్గరికి ఇది ఎలా వచ్చింది? 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగితో ఆడే రూల్స్ పుస్తకం రాశాడు. ఆయన యుద్ధాల్ని అసహ్యించుకున్న మనిషి, పెద్ద యుద్ధం పిచ్చివాళ్ళంతా ఈ బొమ్మలతో ఆడుకుంటే పీడా పోతుందన్న ధోరణిలోనే రాశాడు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తర్వాత 1950ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో చార్ల్స్ రాబర్ట్స్ అనే ఆయన అచ్చువేసిన మ్యాపు, అట్టముక్కలు, ఫలితాల పట్టిక, అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. 1958లో అవలాన్ హిల్ కంపెనీ, అదే ఏడాది అమెరికా అంతర్యుద్ధం మీద గెటిస్‌బర్గ్ ఆట. ఆ తర్వాత 1961కల్లా నలుచదరపు గళ్ళు పోయి హెక్స్‌లు వచ్చాయి. ఎందుకంటే నలుచదరంలో మూలగా ఒక గడి జరిగితే నేరుగా జరిగిన దానికంటే ఒకటింబావుకి మించిన దూరం పోతారు, అది ఫ్రీగా దొరికిన దూరం. హెక్స్‌లో ఆరు వైపులా ఒకటే దూరం.

ఆ పెట్టెలో యుద్ధం ఎలా తేలుతుందో ఒక్క దాడి చూపిస్తాను. నా దగ్గర మూడు దళాలున్నాయి, ఒక్కోదాని మీద 4 అని అచ్చు వేసి ఉంది, అంటే బలం మొత్తం 12. గుట్ట మీద మీ దళం ఒకటి ఉంది, దాని బలం 4. పన్నెండుకి నాలుగు, అంటే 3కి 1. పట్టికలో ఆ నిలువు వరస చూసుకుని పాచిక వేస్తాను, పాచిక పారితే మీ దళం పోతుంది, లేదా వెనక్కి తగ్గుతుంది. పాత ఆటల్లో 3కి 1 దొరికిందంటే దాడి చేసేవాడికి పెద్దగా భయం లేదు. ఇప్పుడు నా మూడు దళాల్లో ఒకటి దెబ్బతిని ఉండి, దాని బలం 3కి పడిపోయిందనుకోండి. మొత్తం 11. పదకొండుకి నాలుగు అంటే భాగహారంలో 2.75, కానీ రూలు ప్రకారం ఎప్పుడూ రక్షించుకునేవాడి వైపుకే తగ్గించాలి, కాబట్టి 2కి 1. ఒక్క పాయింటు తగ్గినందుకు వరస మొత్తం మారిపోయింది, ఇప్పుడు ఓడిపోయే ప్రమాదం నా మెడకి చుట్టుకుంది. అందుకని ఆటగాళ్ళు మ్యాపంతా గాలించి ఆ ఒక్క పాయింటు ఎక్కడ దొరుకుతుందా అని అరగంట సేపు చూస్తూ కూర్చుంటారు. అవతలివాడు గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. (నవ్వులు) ఏ సేనాపతీ తన జీవితంలో, నా దగ్గర 2.75 రెట్లు ఉంది, ఇంకో పావు కావాలి అనుకోలేదు. ఎదురుగా ఎంతమంది ఉన్నారో కూడా వాళ్ళకి సరిగ్గా తెలియదు.

అంటే ఏమైంది? రైస్విట్జ్ అంపైర్‌ని పెట్టి కష్టపడి తెచ్చిన చీకటిని, ఈ పెట్టె లైటు వేసి తరిమేసింది. ఇంటికి అంపైర్‌ని ఎవరు తెచ్చుకుంటారు? ఇద్దరే ఆడాలి, కాబట్టి అన్నీ బల్ల మీద తెరిచి పెట్టేశారు. గెటిస్‌బర్గే తీసుకోండి. 1863 జూలై 1 సాయంత్రం దక్షిణాది సేనాపతి జనరల్ లీ తన కింద ఉన్న యూవెల్‌కి, వీలుంటే ఆ శ్మశానం గుట్టని పట్టుకోమని కబురు పంపాడు. యూవెల్ దాడి చెయ్యలేదు. తెల్లారేసరికి ఉత్తరాది సైన్యం ఆ గుట్టల మీద పాతుకుపోయింది. అప్పటి నుంచి ఆయన్ని తిట్టనివాళ్ళు లేరు. ఆటలో దక్షిణాది వైపు కూర్చున్న ఏ ఆటగాడైనా కన్ను మూసుకుని ఆ గుట్ట మీదికి వెళ్తాడు, ఎందుకంటే ఉత్తరాది బలగాలు ఎన్ని గంటలకి ఏ రోడ్డు మీద వస్తాయో పెట్టెలోనే ఒక కాగితం మీద అచ్చువేసి ఉంది! ఆ కాగితం యూవెల్ చేతికి ఇచ్చి ఉంటే ఆయనా వెళ్ళేవాడే. అంతా అయిపోయాక చెప్పడానికి అందరం మొనగాళ్ళమే.

1970ల్లో ఈ హాబీ విపరీతంగా పెరిగింది. జేమ్స్ డనిగన్ నడిపిన ఎస్‌పీఐ సంస్థ, పత్రికలో ప్రతి సంచికతో పాటు ఒక ఆట ఇచ్చేది. ఆ పదేళ్ళలో అందరూ పట్టుకున్న దారి ఏంటంటే వివరాలు, ఇంకా వివరాలు, ఇంకా ఇంకా వివరాలు. ఉత్తర ఆఫ్రికా యుద్ధం మీద రిచర్డ్ బెర్గ్ తయారుచేసిన ఒక ఆట ఉంది, అయిదుగురు అటు, అయిదుగురు ఇటు కూర్చుని వందల గంటలు ఆడాలి. ఇటాలియన్ దళాలకి పాస్తా ఉడకబెట్టుకోవడానికి నీళ్ళ కోటా అదనంగా ఇవ్వాలని అందులో నిజంగానే ఒక రూలు ఉంది. ఎడారిలో ఒక్కో విమానం, ఒక్కో పైలట్ లెక్క రాసుకోవచ్చు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేసినవాళ్ళని నేనింతవరకు కలవలేదు. నాకు ఆ ఆట అంటే ఒక రకమైన గౌరవం ఉంది, కానీ ఆ దారి తప్పు దారి అని అనుకుంటాను. అక్కడి జర్మన్ సేనాపతి రోమెల్‌కి తన దగ్గర ఎంత పెట్రోలు ఉందో తెలుసు. ఎదురుగా ఉన్న బ్రిటిష్‌వాళ్ళ దగ్గర ఎంత ఉందో కచ్చితంగా తెలియదు. ఆ ఆటలో మొదటిదానికి వంద పేజీలు, రెండోదాని జోలికి దాదాపు వెళ్ళలేదు.

మంచి దారులు వేరే చోట దొరికాయి. ఒకటి చాలా సింపుల్. 1972లో కెనడాలో 1759 నాటి క్విబెక్ యుద్ధం మీద ఒక ఆట వచ్చింది. అందులో అట్టముక్కల బదులు చిన్న చెక్క దిమ్మలు. దిమ్మకి ఒకే ముఖాన స్టిక్కరు ఉంటుంది, అది మీ వైపు తిప్పి నిలబెట్టాలి. అవతలివాడికి కనబడేది ఖాళీ చెక్క. అక్కడ ఏదో ఉందని తెలుసు, అది పూర్తి బలం ఉన్న రెజిమెంటో, ముగ్గురు మిగిలిన శిథిలమో తెలియదు. దెబ్బ తగిలినప్పుడల్లా దిమ్మని పావు వంతు తిప్పుతారు, పై అంచున అంకె మారుతుంది, అది కూడా మీకే కనబడుతుంది. అంపైర్ లేడు, కంప్యూటర్ లేదు, ఒక చెక్క ముక్కని నిలబెట్టారు అంతే, చీకటి తిరిగి వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఇంత చవకగా ఇంత పని చేసిన ఆలోచన ఇంకోటి నాకు కనబడలేదు.

రెండోది, శత్రువు సంగతి తెలిసినా మన సైన్యం మన మాట వింటుందో లేదో తెలియకుండా చెయ్యడం. రిచర్డ్ బోర్గ్ తయారుచేసిన కమాండ్స్ అండ్ కలర్స్ వరస ఆటల్లో మీ చేతిలో కొన్ని కార్డులుంటాయి, ఎడమ పక్క, మధ్య, కుడి పక్క అని. ఏ కార్డు వేస్తే ఆ పక్క దళాలే కదులుతాయి. ఎడమ పక్క కొంప మునిగిపోతూ ఉంటుంది, చేతిలో చూస్తే అన్నీ కుడి పక్క కార్డులే. కొత్తగా ఆడేవాళ్ళు ఇదేం అన్యాయం అని విసుక్కుంటారు. ఆ కార్డు అంటే ఇంకేదో కాదు, అక్కడికి చేరని మీ వార్తాహరుడు, మీ ఆజ్ఞని తప్పుగా అర్థం చేసుకున్న మీ బ్రిగేడియర్, అంతే. బొమ్మల ఆటల్లో డీబీఏ అని 1990లో వచ్చిన ప్రాచీన యుద్ధాల రూల్స్ ఉన్నాయి. వైపుకి పన్నెండే ముక్కలు, గంటలో తేలిపోతుంది. వంతు మొదట్లో ఒక పాచిక వేస్తారు, ఎంత పడితే అన్ని ముక్కల్నే, లేదా అన్ని గుంపుల్నే జరపాలి. ఒకటి పడిందంటే పన్నెండింట్లో ఒక్కటే, లేదా ఒక్క గుంపే. అందుకని మీరు మొదటి నుంచీ సైన్యాన్ని చెదరనివ్వకుండా గుంపుగా నడపడం నేర్చుకుంటారు, పాతకాలం సేనాపతులు ఎందుకు అంత గట్టిగా వరసలు కట్టించేవారో రూలు పుస్తకం ఒక్క వాక్యం కూడా చెప్పకుండానే అర్థమైపోతుంది.

మూడోది, వంతుల్ని తీసేయడం. నా వంతు, నీ వంతు అని లేకుండా ఒక్కో సేనాధిపతి పేరున ఒక బిళ్ళ చేసి అన్నీ ఒక కప్పులో వేసి కలిపి, ఒక్కోటి బయటికి తీస్తారు. ఎవరి బిళ్ళ వస్తే వాళ్ళు కదులుతారు. మీరు నెపోలియన్ మార్షల్ నేయ్‌ని అశ్వదళంతో పంపుదామనుకుంటారు, బిళ్ళ రాదు, రాదు, రాదు. ఒంటరిగా ఆడుకునేవాళ్ళకి ఇది వరం. మీలో చాలామందికి తెలియదేమో, ఈ ఆటలు ఆడేవాళ్ళలో చాలామంది రెండు వైపులా తామే ఆడతారు. రెండు వైపుల ప్లానూ మీ బుర్రలోనే ఉన్నప్పుడు దాచడానికి ఏముంది అంటారా, ఆ కప్పులోంచి ఏ బిళ్ళ వస్తుందో మీకూ తెలియదు కదా.

ఇప్పుడు కాసేపు సరదా పక్కన పెట్టి, నిజంగా ప్రాణాలు ఆధారపడ్డ రెండు ఆటల గురించి చెబుతాను.

1942 జనవరి, లివర్‌పూల్. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్‌కి సరుకులు తెచ్చే ఓడల్ని ముంచేస్తున్నాయి. క్షయ వల్ల నౌకాదళం నుంచి రిటైరైన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని పిలిచి, దీని సంగతేంటో చూడమన్నారు. ఆయనకి ఇచ్చిన సిబ్బందిలో ఎక్కువమంది నౌకాదళ మహిళా విభాగం నుంచి వచ్చిన అమ్మాయిలు, ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ. హాలు నేల మీద గళ్ళు గీసి దాన్నే సముద్రం చేశారు. చుట్టూ తెరలు కట్టి వాటికి చిన్న సందులు పెట్టారు. ఓడల కెప్టెన్లు ఆ తెర వెనక నిలబడి ఆ సందులోంచి చూడాలి, రాత్రి పూట నడిసముద్రంలో ఓడ మీద నుంచి కనిపించేది అంతే. నేల మీద జలాంతర్గాముల దారి గీసిన సుద్ద రంగు ఆ సందులోంచి చూస్తే కనపడకుండా ఎంచుకున్నారు. రైస్విట్జ్ చూసి ఉంటే సంతోషించేవాడు.

ఈ నేల మీద పాత దాడుల్ని మళ్ళీ మళ్ళీ ఆడి చూస్తే ఒక విషయం బయటపడింది. వరసల మధ్యలో ఉన్న ఓడకి టార్పెడో తగిలిందంటే, జలాంతర్గామి అందరూ అనుకుంటున్నట్టు బయట దూరంగా లేదు, రాత్రి చీకట్లో వెనక నుంచి నీటి పైకి తేలి ఓడల వరసల మధ్యకే వచ్చేస్తోంది. అప్పటిదాకా కాపలా ఓడలు బయటికి పరిగెత్తి అక్కడ వెతుకుతున్నాయి! దీనికి విరుగుడుగా, అందరూ వెనక్కి వచ్చి వరస కట్టి వెనక వైపు నీటిని జల్లెడ పట్టే పద్ధతి తయారైంది. రాస్ప్‌బెర్రీ అని దాని పేరు. ఆ పేరు పెట్టింది జీన్ లైడ్లా అనే అమ్మాయి. తర్వాత అట్లాంటిక్‌లో ఓడల కాపలా చూసే నౌకాదళ విభాగానికి అధిపతిగా వచ్చిన అడ్మిరల్ హోర్టన్, స్వయంగా పాత జలాంతర్గామి వీరుడు, సరే నేనే జర్మన్ కెప్టెన్‌గా ఆడతానని దిగి, వరసగా మునిగిపోయాడు. తెర అవతల ఆయన్ని ముంచుతున్నది జానెట్ ఓకెల్ అనే కుర్ర ఉద్యోగిని.

రెండో ఆట అదే ఏడాది మే నెలలో, జపాన్ యుద్ధనౌక యమాటో మీద. పసిఫిక్‌లో అమెరికావాళ్ళ చేతిలో ఉన్న మిడ్‌వే దీవి మీద దాడికి రిహార్సల్. ఆటలో అమెరికన్ విమానాలు బాంబులు వేశాయి, పాచిక ప్రకారం తొమ్మిది తగిలాయి, అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగినట్టు తేలింది. అంపైర్‌గా ఉన్న అడ్మిరల్ ఉగాకి తొమ్మిది కాదు, మూడే అన్నాడు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా ఆట తర్వాతి భాగంలో మళ్ళీ ప్రత్యక్షమైంది. నెల రోజులకి, జూన్ 4న తగిలిన దెబ్బలకి, ఆ రెండూ ఇంకో రెంటితో కలిసి నిజంగానే మునిగిపోయాయి.

ఈ కథని అందరూ అధికార అహంకారానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అంత సూటిగా అనిపించదు. ఆటలో ఆ బాంబులు వేసింది దీవి మీద నుంచి వచ్చిన విమానాలు. అసలు యుద్ధంలో మిడ్‌వే దీవి నుంచి లేచిన విమానాలు ఆ నౌకల మీద ఒక్క బాంబు కూడా తగిలించలేకపోయాయి. అంటే ఆ ఒక్క లెక్కలో ఉగాకి చెప్పిందే నిజానికి దగ్గర. ఆ నౌకల్ని ముంచింది అమెరికా విమానవాహక నౌకల నుంచి వచ్చిన డైవ్ బాంబర్లు, అంటే పైనుంచి నిటారుగా దూకి బాంబు వేసే విమానాలు. జపాన్ ప్లాను మొత్తం, ఆ అమెరికన్ నౌకలు మిడ్‌వే మీద దాడి జరిగాక గానీ బయల్దేరి రావు అన్న నమ్మకం మీద నిలబడింది, అవేమో ముందే వచ్చి మాటు వేసి ఉన్నాయి. పాచిక ఫలితం మార్చడం చిన్న విషయం. శత్రువు ఎక్కడుంటాడో తమకి తెలుసు అనుకుని ఆట మొదలుపెట్టారు చూడండి, అసలు దెబ్బ అక్కడ. ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, అంపైర్‌కి తెలియనిది ఆటకీ తెలియదు.

అమెరికావాళ్ళకీ ఇదే జరిగింది, కాకపోతే వాళ్ళు చాలా ఎక్కువ ఆడారు. న్యూపోర్ట్ నావల్ వార్ కాలేజీలో 1887 నుంచే ఈ ఆటలున్నాయి, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జపాన్‌తో యుద్ధాన్ని అక్కడి నేల మీద లెక్కలేనన్ని సార్లు ఆడారు. పసిఫిక్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ తర్వాత ఒక ఉత్తరంలో, ఆ యుద్ధంలో మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఏదీ లేదు, చివర్లో వచ్చిన కామికాజే దాడులు తప్ప అన్న అర్థంలో రాశాడు. మనిషి తన విమానాన్నే బాంబుగా మార్చి వచ్చి గుద్దుతాడన్న రూలు ఏ రూల్ బుక్‌లోనూ లేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. వాటర్లూలో ఒక్క రోజులో 40,000 మందికి పైగా చచ్చిపోయారో గాయపడ్డారో. మన బల్ల మీద అది, పెట్టె మూతలోకి విసిరేసిన అట్టముక్కలు. మ్యాపు మీద ప్లాన్సెన్వా అనే ఊరు ఒక హెక్స్, రక్షించుకునేవాడికి అదనపు బలం ఇస్తుంది, ఆ ఊళ్ళో మనుషులు ఎవరూ ఉండరు. రెండో ప్రపంచ యుద్ధం ఆటల్లో అయితే నాజీల ఎస్ఎస్ దళాలకి మాత్రం ప్రత్యేకంగా నల్ల రంగు, తెల్ల అక్షరాలు, బల్ల మీద అందరికంటే స్టైల్‌గా కనబడేది అవే. ఆ దళాలు చేసిన ఘోరాలు పట్టికలో ఎక్కడా ఉండవు. నాకు అది చూసినప్పుడల్లా చిరాకు. ఆడటం మానేయమని అనను, నేనూ ఆడతాను, కానీ ఆ నల్ల రంగు వేసినవాడు ఏం ఆలోచించి వేశాడో అడగడం తప్పు కాదు.

సరే, మళ్ళీ వాటర్లూకి. ముందు రాత్రంతా కుండపోత వాన. పొద్దున్నే మొదలుపెట్టాల్సిన దాడి పదకొండున్నర ప్రాంతానికి గానీ మొదలవలేదు. ఆటలో నెపోలియన్‌గా కూర్చున్న ప్రతివాడూ, ప్రష్యన్లు రాకముందే తేల్చేద్దాం, తొమ్మిదింటికే కొట్టేద్దాం అంటాడు. మరి ఆటని తయారుచేసేవాడు ఏం చెయ్యాలి? కొందరు ఆటనే పదకొండున్నరకి మొదలుపెడతారు, ప్రశ్నే లేదు. కొందరు తొమ్మిదింటికి కొట్టనిస్తారు గానీ ఫిరంగుల బలం తగ్గిస్తారు. ఎందుకంటే ఆ కాలం గుండు నేలకి తగిలి ఎగిరెగిరి పడుతూ వరసల్ని చీల్చుకుంటూ పోవాలి, బురదలో పడితే అక్కడే కూరుకుపోతుంది. పైగా వెనకబడ్డ ఫ్రెంచి దళాలు అప్పటికింకా వచ్చి చేరుతూనే ఉన్నాయి, వాటిని మ్యాపు మీద పెట్టరు. అప్పుడు మీకు పొద్దున్నే సగం సైన్యంతో, సగం పనిచేసే ఫిరంగులతో కొట్టాలా, ఆగాలా అన్న ఎంపిక ఉంటుంది. ఆ ఎంపిక ముందు కూర్చుంటే టెన్షన్ మొదలవుతుంది, గడియారం వంక చూస్తారు, తూర్పు వంక చూస్తారు, చివరికి ఆగుదాం అంటారు. నెపోలియన్ చేసిన తప్పులన్నిటికంటే పెద్దదని పుస్తకాలు చెప్పే పనిని మీ అంతట మీరే చేస్తారు, చేసేటప్పుడు అది మీకు తెలివైన పనిగానే కనబడుతుంది. ప్రష్యన్ల విషయంలో కూడా ఇలాగే, కొందరు వాళ్ళ రాకని పాచికకి వదిలేస్తారు, నాలుగింటికి రావచ్చు, ఆరింటికి రావచ్చు, గ్రూషీ అడ్డుపడితే అసలు రాకపోవచ్చు. ఇప్పుడు తూర్పున కాపలా పెట్టిన ఆ గట్టి దళం తెలివో దండగో మీకూ తెలియదు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి. ... మైకు లేదు కాబట్టి ప్రశ్న నేనే చెబుతాను. ఫలితం మారిపోతే ఇక దాన్ని చారిత్రకం అని ఎలా అంటారు అని అడుగుతున్నారు. నేను చూసేది ఇది: వందసార్లు ఆడితే అసలు ఫలితం కూడా వచ్చే వాటిలో ఉండాలి, అదొక్కటే రాకూడదు. ప్రతిసారీ ఫ్రెంచివాళ్ళే గెలుస్తుంటే ఆటలో ఏదో లోటు ఉంది. ప్రతిసారీ వాళ్ళే ఓడుతుంటే ఇద్దరు కూర్చుని ఆడటం దేనికి, పుస్తకం చదువుకోవచ్చు. ఇంకా ముఖ్యంగా, ఎవరు గెలిచారని కాదు, ఎందుకు గెలిచారో చూడండి. గుర్రాలు చొరబడలేనట్టు చతురస్రం కట్టిన పదాతిదళాన్ని కూడా అశ్వదళం తొక్కుకుంటూ పోయి గెలిచిందంటే ఫలితం సరైనదే అయినా ఆట తప్పు.

ఇంకొకరు, కొత్తవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి అంటున్నారు. ఉత్తర ఆఫ్రికాతో మాత్రం వద్దు. (నవ్వులు) కమాండ్స్ అండ్ కలర్స్ వరసలో ఏదైనా సరే, రూల్స్ పావుగంటలో వచ్చేస్తాయి. లేదా దిమ్మల ఆట ఏదైనా. రూల్ బుక్ మొత్తం చదివాకే ఆడాలని కూర్చోకండి, నలభై పేజీలు చదివినవాళ్ళు ఎవరూ నలభయ్యో పేజీ దగ్గర మొదటి పేజీ గుర్తుపెట్టుకోరు. ముక్కలు పేర్చి, పుస్తకం పక్కన పెట్టుకుని, రెండు వంతులు తప్పుల తడకగా ఆడేసి, అప్పుడు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టండి. మీకు ముందే కథ బాగా తెలిసిన యుద్ధం కాకుండా, పేరు మాత్రమే విన్న యుద్ధం ఒకటి ఎంచుకోండి. చరిత్ర చదవడం ఆడాక పెట్టుకోండి, ఆడక ముందు కాదు. అవతల కూర్చున్నవాళ్ళు కూడా చదవకపోతే మరీ మంచిది.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. పక్క హాల్లో డీబీఏ బల్లలు రెండు, దిమ్మల ఆట ఒకటి పేర్చి ఉన్నాయి. పాచికలు బల్ల మీదే వెయ్యండి, కింద పడినవి లెక్కలోకి రావు.